పొగమంచుకు వల

లీమా నగరం మాకు కింద ఎక్కడో ఉండేది.
మా కొండ మీదికి నీళ్ళు లారీ ఎక్కి వచ్చేవి.
కింది ఇళ్ళలో కుళాయి తిప్పితే దూకేదాన్ని
మేం డ్రమ్ము లెక్కన కొనేవాళ్ళం,
అదీ డ్రైవరుకు మా సందు గుర్తుంటే.

ఆరు నెలలు మంచు మాత్రం ఉచితం.
సముద్రం మీంచి లేచి
తడికుక్కలా గోడలకు ఒళ్ళు రాసుకుంటూ
ఇంట్లోకి వచ్చేది.
ఆరేసిన చొక్కా ఆరేది కాదు,
అమ్మ దగ్గు ఆగేది కాదు,
వాన పడేది కాదు.

ఎర్మీనియా చింబోతె రేవులో
నలభై ఏళ్ళు వలలు అల్లిన మనిషి.
చేపల కంపెనీ మూతపడ్డాక మా కొండెక్కింది.
చదువు రెండో తరగతి,
అదీ సగంలో ఆగింది.
కొండ కొసన రెండు గుంజలు పాతి
మధ్యన నల్లటి వల కట్టింది.
"ఇక్కడ చేపలెక్కడివమ్మా?" అని మేం పడీపడీ నవ్వాం.
"ఉన్నాయిరా, కంటికానవు" అంది.

తెల్లారేసరికి
వల కింది రేకు కాలువలోంచి
టప్పు టప్పుమని
మూడు బకెట్లు నిండాయి.
నాలుగోది వంతు కోసం నిలబడి ఉంది.

నేను దొంగని. ముందే చెప్పేస్తున్నా.
పన్నెండేళ్ళప్పుడు
నేనూ దెల్ఫీనూ ఒక రాత్రి కత్తి పట్టుకెళ్ళి
ఆ వల కోసుకొచ్చాం.
గోలు కొట్టిన ప్రతిసారీ బంతి కొండ దిగిపోతుంటే
ఎన్నిసార్లని పరిగెత్తుతాం?

మర్నాడు ఆట మధ్యలో వచ్చింది.
రాయి మీద కూర్చుంది.
ఆట మొత్తం చూసింది.
గోలు కాస్తున్నది నేనే,
ఆ చూపుకు మూడు గోళ్ళు వదిలేశాను.

తిట్టలేదు. పెన్సిలు ముక్క ఉందా అంది.
ఎవరి దగ్గరా లేదు.
"మూరెడు వెడల్పు వలకి
రాత్రికి బకెట్లో మూడోవంతు.
మీ గోలు పన్నెండు మూరలు.
నిన్న రాత్రి ఎన్ని బకెట్ల మంచు
మీ గోలీని దాటిపోయింది?"

బళ్ళో నలభై ఏడుగురం.
భిన్నాలు రావని మాష్టారికి తెలిసేంత దగ్గరగా
నేనెప్పుడూ కూర్చోలేదు.
దుమ్ములో వేలితో పన్నెండు గీతలు గీశాను.
మూడేసి కలిపి సున్నా చుట్టాను.
నాలుగు, అన్నాను.
అంత దాహం వేసిన లెక్క
అంతకు ముందు చేసి ఎరగను.

వల తిరిగిచ్చేస్తామన్నాడు దెల్ఫీన్.
"ఉంచుకోండి, ఆట ఆగకూడదు.
రేపు బడి వదలగానే రండి,
కొత్తది అల్లాలి."

అలా మొదలైంది.
ముడి ఎటు తిప్పితే జారదో,
పెదవికి ఉప్పు తగిలితే గాలి ఎటునుంచో,
గుంజ ఎంత వాలితే వల చిరగదో.
నేలిదా పాత క్యాలెండరు వెనక
రోజుకో గీత పెట్టేది,
బకెట్లు ఒకవైపు, గాలి ఒకవైపు.
ఆగస్టు నిండా గీతలే.
లారీవాడు మా సందు మరిచిపోయినా
పట్టించుకోని వారం ఒకటి వచ్చింది.
ఒక్కటే వారం. అయినా వచ్చింది.

దెల్ఫీన్ రెండు రోజులు వచ్చి మానేశాడు.
ఇప్పుడు కింద మినీబస్సు తలుపుకు వేలాడుతూ
పేటల పేర్లు అరుస్తాడు.
చిల్లర లెక్కలో వాణ్ణి ఎవరూ ముంచలేరు.
అది ఆమె నేర్పింది కాదు.

ఎర్మీనియా వేళ్ళు ఇప్పుడు ముడి బిగించలేవు.
వదులు ముడి మాత్రం
వల మీద చెయ్యి పెట్టగానే దొరికిపోతుంది.
"ఎవడిదిరా ఇది?" అంటుంది.
చాలాసార్లు నాదే.

మధ్యాహ్నాలు నా దగ్గరికి ఏడుగురు వస్తారు,
వాళ్ళలో ఇద్దరు తినడానికే వస్తారు.

నిన్న పొద్దున చూస్తే
కొసన ఒక వల లేదు.
కోత శుభ్రంగా ఉంది,
నాకన్నా మంచి చెయ్యి.

ఎవరినీ అడగలేదు.
పెన్సిలు ముక్క జేబులో వేసుకుని
ఆట మొదలయ్యే వేళకు
కొండ దిగుతున్నాను.